సాధారణ నైపుణ్యం గల పెద్దమనిషి

2024 జూన్ 11

సమస్త ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా: పూసపాటిరేగ మెయిన్ రోడ్డులో దాలయ్య బ్యాటరీ షాపు ముందరి మూడుకాళ్ల స్టూలును చూసి నాలుగో కాలు ఏమైందని ఎవరునూ ప్రశ్నించరాదు. గుమ్మంలో పడుకొను మేకకు చార్జింగ్ పెట్టమని చమత్కారములాడరాదు. టీ గ్లాసులో వేలు ముంచి తెచ్చినవారు ఆ టీ తామే తాగి, వేలు కడుక్కుని, వేరొక టీ తేవలెను. ఈ ఉత్తర్వులు తక్షణమే అమలులోకి వచ్చును. ఇట్లు, దాలయ్య, టెన్త్ ఫెయిల్, రెండు పర్యాయములు.

ఇదంతా సుద్దముక్కతో బోర్డు మీద రాసి షాపు గోడకి తగిలించాను. పొద్దుట్నుంచి ఒక్కడూ నవ్వలేదు. అందరి కళ్లూ బోర్డు పక్కనున్న పోస్టరు మీదే. విశాఖలో ఒక కంపెనీ ఉంది, వాళ్ల పోస్టరు. నేను భోజనానికి వెళ్లినప్పుడు నా గోడకే అంటించి పోయారు. నల్లటి పేస్టు డబ్బా బొమ్మ. కింద ఎర్ర అక్షరాల్లో, డూప్లికేట్లతో జాగ్రత్త.

డూప్లికేట్ అంటే నేను.

జూన్ 12

నిన్న కోపంలో కాగితం చిరిగింది. ఇవాళ నిదానంగా రాస్తాను.

సముద్రపు గాలికి పడవలో బ్యాటరీ టెర్మినల్ నెల తిరక్కుండా చిలుం పడుతుంది. చిలుం పడితే కరెంటు పారదు. వైర్‌లెస్ పలకదు, జీపీయస్ వెలగదు. నా బావమరిది లక్ష్ముడు అలాగే ఒకసారి చింతపల్లి రేవులో బయల్దేరి ఒడిశాలో తేలాడు. అక్కడివాళ్లు అన్నం పెట్టి పంపించారు గానీ, వాడు ఇంటికొచ్చేదాకా నా భార్య కూర్మమ్మ నాతో మాట్లాడలేదు. ఆ పడవకి బ్యాటరీ బిగించింది నేనే మరి.

గ్రీజు రాస్తే చిలుం ఆగుతుంది. కరెంటు కూడా ఆగుతుంది. అక్కడ పట్టుకున్నాను నేను. పడవ చెక్కకి మావాళ్లు జీడిపిక్కల తొక్కల నుంచి తీసిన నూనె పూస్తారు. ఉప్పునీళ్లు దాన్ని ఏమీ చెయ్యలేవు. గరివిడి వైపు స్క్రాపులో కొలిమి ఎలక్ట్రోడు ముక్కలు దొరుకుతాయి. అది గ్రాఫైటు. కరెంటుకి అది నేషనల్ హైవే. ఆ నూనెలో ఈ పొడి కలిపితే ఏమవుతుంది?

తట్టడానికి ఒక్క క్షణం. కుదరడానికి రెండేళ్లు.

పొడి పట్టించడానికి అసిరమ్మ కారం మిల్లుకి పట్టుకెళ్లాను. మర్నాడు సగం ఊరు నల్లటి కారం తింది. అసిరమ్మ నన్ను వీధి చివర చూస్తే ఇప్పటికీ షట్టర్ దించేస్తుంది. నూనె పచ్చిగా ఉంటే ఆరదు. ఎక్కువ కాగితే రాయి. చివరికి కూర్మమ్మ అరిసెల పాకం చూసినట్టు, నీళ్లలో చుక్క వేసి ఉండ కట్టేదాకా కాచి, గోరువెచ్చగా అయ్యాక పొడి కలిపితే కుదిరింది. జీడినూనె ఒంటికి తగిలితే పొక్కుతుంది. ఆ రెండేళ్లూ నా చేతులు చూసి జనం నా దగ్గర చిల్లర కూడా తీసుకునేవారు కాదు, గల్లాపెట్టె మీద పెట్టమనేవారు.

పేస్టు రాసిన పడవలకి రెండు వానాకాలాలు గడిచినా చిలుం రాలేదు. అప్పుడొచ్చాడు ప్రమోద్. విశాఖ కంపెనీ మనిషి, టై కట్టుకున్న కుర్రాడు. అన్నా అన్నా అంటూ మా ఇంట్లో చేపల పులుసు తిన్నాడు. రెండు డబ్బాలు పట్టుకెళ్లాడు. ఏడాది తిరిగేసరికి అదే నలుపు, అదే జిగురు, వాళ్ల డబ్బాలో.

ఒక్కటే మంచి జరిగింది. ప్రమోద్ రాకముందే విజయనగరంలో రాధిక అనే లాయరమ్మ చేత పేటెంటుకి దరఖాస్తు పెట్టించాను. పేటెంటు వస్తే ఆ పోస్టరులో డూప్లికేట్ ఎవరో గవర్నమెంటు చెబుతుంది. నాకు కావలసింది అంతే.

జూన్ 20

రాధిక ఫోన్ చేసింది. కంపెనీవాళ్లు నా దరఖాస్తు మీద అభ్యంతరం వేశారు. రెండు పాత కాగితాలు జత చేశారు. ఒకటి, చెక్క పడవలకి జీడినూనె పూత గురించి ఎవరో ప్రొఫెసర్ ఎప్పుడో రాసింది. రెండోది, కరెంటు జాయింట్లకి బొగ్గుపొడి కలిపిన జిగురు గురించి జపాన్‌వాడి పేటెంటు. ఈ రెండూ లోకంలో ముందే ఉన్నాయి కాబట్టి, ఆ రంగంలో సాధారణ నైపుణ్యం గల వ్యక్తి ఎవరైనా రెండూ కలిపేసి ఉండేవాడు, ఇందులో దాలయ్య కనిపెట్టిందేమీ లేదు, అని.

ఎవడమ్మా ఆ వ్యక్తి, వాడి ఊరేది అని అడిగాను. అలాంటి మనిషి ఎక్కడా ఉండడండీ, చట్టం ఊహించుకున్న మనిషి అంది. లోకంలో ఉన్న కాగితాలన్నీ చదివేసి ఉంటాడట. అన్ని భాషలూ వచ్చట. కానీ సొంతంగా కొత్త ఆలోచన ఒక్కటీ రాదట.

మరి వాడు పొడి ఏ మిల్లులో పట్టించాడో కనుక్కోండమ్మా అన్నాను. రాధిక నవ్వలేదు. నోట్ చేసుకుంటున్నాను అంది.

జూన్ 30, ఆదివారం

వారం నుంచి చెబుతున్నాను ఇంట్లో. ఆదివారం మధ్యాహ్నం ఒక పెద్దమనిషి భోజనానికి వస్తున్నాడు, మన పేస్టు సంగతి తేల్చేది ఆయనే, జపాన్ భాష కూడా వచ్చు, పేరు సాధారణ నైపుణ్యం గారు అని. లక్ష్ముడు తెల్లారగట్ల వేటకెళ్లి వంజరం తెచ్చాడు. కూర్మమ్మ సగం వేపుడు చేసి, సగం పులుసు పెట్టి, కొత్త చీర కట్టుకుంది. నేను అరిటాకు వేసి, నీళ్లు చల్లి, ఎదురుగా కూర్చున్నాను.

ఒంటిగంటన్నర దాటింది. నేనే మొదలుపెట్టాను. రండి సార్, కూర్చోండి సార్, మీకు అన్నీ తెలుసు కదా, ఈ చేపలో ముల్లు ఎక్కడుందో కూడా చదివే ఉంటారు, అని ఖాళీ ఆకుతో మాట్లాడాను. లక్ష్ముడు తలుపు వైపు చూశాడు, ఆకు వైపు చూశాడు. ఏటి బావా, ఎవులూ లేరేటి అన్నాడు. ఉన్నాడ్రా, కనబడడంతే, ఇలాంటి వాడి మాట మీదే మన కేసు నడుస్తోంది అన్నాను.

కూర్మమ్మకి అప్పుడు అర్థమైంది. ఓ మావా, నీ బుద్ధి తగలెయ్య, లేని ముండాకొడుక్కి నా సేత వంజరం వండించినావా అని గరిటె విసిరింది. వంగాను కాబట్టి గోడకి తగిలింది. వేపుడూ పులుసూ అక్కాతమ్ముళ్లు తిన్నారు. నాకు చారు.

చెయ్యి కడుక్కుంటూ లక్ష్ముడు అన్నాడు, సదవడం సరే బావా, ఆడెప్పుడైనా పడవెక్కినాడా, నడి సంద్రంలో వైర్‌లెస్ సచ్చిపోతే కూకున్నాడా అని.

ఈ ప్రశ్న వేసే లాయరు హైదరాబాదులో కూడా దొరకడు.

జూలై 3

విజయనగరం వెళ్లాను. రాధిక ఆఫీసులో ఏసీ ఉంది, నా కడుపులో మంట ఉంది. రెండూ సమానంగా పనిచేశాయి.

నా చేతులు చూపించాను. మచ్చలు చూడండమ్మా, రెండేళ్లు, ఎన్ని బానలు పారేశానో, సాధారణ నైపుణ్యం వాడికి ఒక్క పొక్కయినా వచ్చిందా అన్నాను. ఆ అమ్మాయి మంచిదే. కళ్లు దించుకుని చెప్పింది. కష్టపడ్డామనేది వాదన కాదండీ, సార్. ఎంత కష్టపడ్డారని చూడరు, ఎవరికైనా తట్టేదా కాదా అని చూస్తారు.

పాకం సంగతి చెప్పాను. ప్రొఫెసర్ కాగితంలో నూనె కాచాలని ఉందట. ఎంతవరకు కాచాలో మామూలు పనివాడే నాలుగుసార్లు చేసి చూసుకుంటాడు అంటారట. గోరువెచ్చగా అయ్యాక కలపడం? అదీ అంతేనట. నేను ఒక్కొక్కటీ బయటపెడుతుంటే ఆవిడ ఒక్కొక్కటీ పక్కన పెడుతోంది. పెళ్లికూతురి నగలు ఒక్కొక్కటీ గిల్టువని తేలుస్తున్నట్టుంది.

ఆఖరికి దరఖాస్తు తిరగేసింది. ఒకచోట ఆగింది. గ్రాఫైటు పొడిని పుల్లటి నీళ్లలో, అంటే నిమ్మరసం, వెనిగర్, పులిసిన గంజి లాంటి వాటిలో నానబెట్టి కడగవచ్చు అని ఉంది. అప్పట్లో పొడి ఇంకెలా శుభ్రం చెయ్యొచ్చని ఆవిడ అడిగితే నోటికొచ్చినవన్నీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా అన్నీ రాసింది.

ఈ గంజి ముక్క ఆ రెండు కాగితాల్లోనూ లేదు, ఎవరికీ తట్టదు కూడా, అంది. ఎప్పుడైనా చేశారా సార్? చేస్తే తేడా కనిపించిందా?

గుర్తు తెచ్చుకుని చెబుతానమ్మా అన్నాను.

జూలై 6

గుర్తొచ్చింది. మరిచిపోకుండా రాసుకుంటున్నాను.

అది పేస్టు కుదరని రోజుల్లో. ఎండాకాలం. పొడి పళ్లెంలో ఆరబెట్టి వంటింటి గుమ్మం పక్కన పెట్టాను. కూర్మమ్మ తరవాణి కుండ అక్కడే ఉంది. గంజి పోసి పులియబెట్టి, పొద్దున్నే అన్నంలోకి వంచుకునే తరవాణి. ఆవిడ కాలు తగిలి కుండ ఒరిగి తరవాణి అంతా పొడిలో పడింది. నన్ను తిట్టింది, పొడి అక్కడెందుకు పెట్టావని. నేను పారెయ్యడానికి బద్ధకించి, మర్నాడు కడిగి ఆరబెట్టి నూనెలో కలిపాను. ఆ బాన పేస్టే మొదటిసారి కుదిరింది. పులుపు పొడికున్న మురికి తీసేసింది కాబోలు, కరెంటు ఇంకా బాగా పారింది.

కూర్మమ్మకి చెప్పాను. నానెప్పుడు ఒలకబోసినాను మావా, నువ్వే తన్నీసుంటావు అంది. కాదే, నీ కాలే అన్నాను. చేపలు తోమడం ఆపి గుమ్మం వైపు చూసింది. ఆ పొద్దేనా, బిందె సంకనెట్టుకుని గుమ్మం దాటతన్నాను, ఆ పొద్దేనా, అంది.

ఆ పొద్దే అన్నాను.

జూలై 24

హియరింగ్. రాధిక ఆఫీసులో కంప్యూటరు ముందు. పక్కన కూర్మమ్మ, వంజరం నాటి చీరలోనే. తెర మీద ఒక గడిలో తీర్పు చెప్పే పేటెంటు ఆఫీసు కంట్రోలర్ గారు, తమిళాయన. ఇంకో గడిలో కంపెనీ లాయరు. మూడో గడిలో ప్రమోద్. నన్ను చూసి చెయ్యి ఊపాడు. పులుసు అరగలేదనుకుంటాను.

లాయరు గంటసేపు ఇంగ్లీషు. రాధిక చెవిలో చెబుతోంది. జీడినూనె తెలిసినదే, బొగ్గుపొడి తెలిసినదే, పక్కపక్కన పెడితే పిల్లవాడైనా కలుపుతాడు అని సారాంశం.

నా వంతు వచ్చింది. నేను చెప్పాను. అయ్యా, జీడినూనె గురించి రాసిన ప్రొఫెసర్ బ్యాటరీ మాట ఎత్తలేదు. బొగ్గుపొడి గురించి రాసిన జపానాయన పడవ మాట ఎత్తలేదు. ఇన్నేళ్లూ ఆ రెండు కాగితాలూ ఒకదాని మొహం ఒకటి చూడలేదు. సంబంధం కలిపింది నేను. పెళ్లయి పిల్లలు పుట్టాక, ఈడూ జోడూ బావుంది, ఎవరైనా కలిపేవారే అంటున్నారు. అంత తేలికైతే ప్రమోద్ గారు నా ఇంటికొచ్చి డబ్బాలు ఎందుకు పట్టుకెళ్లారు?

రాధిక ఇంగ్లీషులో చెప్పింది. కంట్రోలర్ గారు నవ్వారు. ఏమీ రాసుకోలేదు.

తర్వాత అడిగారు. ఆ రెండు కాగితాల్లో లేనిది మీ దగ్గర ఏదైనా ఉందా?

తరవాణి సంగతి చెప్పాను. రాధిక తర్జుమా చేస్తుంటే ఆయన మొహం వెలిగింది. మా అమ్మమ్మ ఇంట్లో కూడా ఉండేది అన్నారట. రాసుకోవడం మొదలుపెట్టారు. ఒలకబోసిన మనిషి ఈమేనా అని అడిగారు. అంతే, కూర్మమ్మ అందుకుంది. బిందె ఏ సంకన ఉందో, గుమ్మంలో ఎండ ఎంతవరకు వచ్చిందో, తను ఏమని తిట్టిందో, నేను ఎలా నీళ్లు నమిలానో. ఓలమ్మ, ఆ పొడి పారీమని నానే సెప్పినాను బాబూ, ఈ మావ ఒప్పుకున్నాడు కాడు అంది. నేను చెప్పని మాటలు అవి. రాధిక తర్జుమా చెయ్యడానికి తడబడింది.

కంపెనీ లాయరు తన కాగితాల్లో తరవాణి వెతుక్కుంటున్నాడు.

రెండేళ్ల పొక్కుల గురించి ఎవరూ అడగలేదు.

ఆగస్టు 2

తేడా ఎంతో అంకెల్లో కావాలని రాధిక అంది. మీటరు పెట్టి చూసి పంపించాను. మీటరు నాది, చెయ్యి నాది.

ఆగస్టు 19

ఏమీ లేదు. వాన. మేక బోర్డు మీది సుద్ద నాకేసింది. ఉత్తర్వులు రద్దయ్యాయి.

2025 జనవరి 21

వచ్చింది. పేటెంటు వచ్చింది. రాధిక ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. కూర్మమ్మ నిజంగానే ఏడ్చింది. లక్ష్ముడు పడవకి దండ వేశాడు.

ఆ పోస్టరు చింపేశాను. గోరు విరిగింది.

జనవరి 25

జిల్లా పేపరువాళ్లు వచ్చారు. నన్ను స్టూలు మీద కూర్చోమన్నారు, ఒరిగాను, తీసేశారు. కూర్మమ్మని కుండ పట్టుకుని నిలబడమన్నారు. మా ఇంట్లో కుండ లేదు. అసిరమ్మ ఇంటి నుంచి తెచ్చారు. తరవాణి ఒలికింది, పేటెంటు పలికింది అని హెడ్డింగు. ఫొటోలో నేను సగమే ఉన్నాను, ఎడమ చెవి వైపు.

కారం గొడవ తర్వాత అసిరమ్మ నన్ను చూసి షట్టర్ దించకపోవడం ఇదే మొదలు.

జనవరి 29

ప్రమోద్ ఫోన్. కంగ్రాట్స్ అన్నా అన్నాడు. గొంతులో నవ్వుంది. మీ పేటెంటు చదివాను అన్నా, గంజిలో నానబెట్టిన పొడికే వర్తిస్తుంది కదా, మేము గంజి వాడం, ఎప్పుడూ వాడలేదు, పులుసు మాత్రం మరిచిపోలేదన్నా, వదినకి నమస్కారాలు, అన్నాడు.

రాధికకి ఫోన్ చేశాను. నిజమేనండీ అంది. ఆ రెండు కాగితాల్ని దాటి వచ్చింది తరవాణి ఒక్కటే కాబట్టి, తరవాణి ఉన్న పేస్టే మనది. లేనిది ఎవరైనా చేసుకోవచ్చు. అప్పుడే చెప్పాను కదా సార్ అంది. చెప్పే ఉంటుంది. గెలుస్తామన్న మాట తప్ప ఇంకేమీ నా చెవికెక్కి ఉండదు.

ఫిబ్రవరి 9

తరవాణి పోసి ఒక బాన చేశాను. నురగ. కంపు. ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. నీళ్లలో తేడా కాబోలు.

ఫిబ్రవరి 26

ఆ బాన పేస్టు లక్ష్ముడి పడవకి రాశాను. ఇవాళ వాడు టెర్మినల్ ఊడదీసి షాపుకి తెచ్చి బల్ల మీద పెట్టాడు. చిలుం. ఏటి బావా, పేరొచ్చినాక సరుకు పాడుసేసినావేటి అన్నాడు. వాడు నన్నెప్పుడూ అంత మెల్లగా తిట్టలేదు.

పాత పద్ధతిలో చేసిన డబ్బా ఇచ్చి పంపాను.

మార్చి 14

కంపెనీ కొత్త పోస్టరు. ఈసారి నా గోడకి కాదు, ఎదురు గోడకి. గంజి లేని అసలైన పేస్టు.

మార్చి 17

భోగాపురం వైపు నుంచి ఇద్దరు పడవల వాళ్లు వచ్చారు. పేపరు చూసి వచ్చారట. డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తరవాణి కంపేదీ అన్నాడు ఒకడు. ఇంకొకడు మూత బిగించి బల్ల మీద పెట్టేశాడు. పేపర్లో ఏసిన సరుకు ఇయ్యి పెద్దాయనా, ఈ డూప్లికేట్ మాకొద్దు, అన్నాడు.

నా షాపులో. నేను చేసిన డబ్బా. నా ఎదురుగా.

నాకు నవ్వు రావలసింది. పాతికేళ్లుగా ఈ ఊళ్లో ఎవడికి ఏ దెబ్బ తగిలినా ముందు నవ్వింది నేనే. రాలేదు.

ఏప్రిల్ 6

కూర్మమ్మ కొత్త కుండ కొంది. రోజూ గంజి పులియబెట్టి, మూతకి గుడ్డ కట్టి, మధ్యాహ్నం ఎండలో నెత్తిన పెట్టుకుని షాపుకి తెస్తోంది. పేస్టులోకి. దారిలో ఎవరు ఆపినా ఆగి, బిందె నుంచి మొదలుపెట్టి మొత్తం చెబుతుంది. నిన్న బడి దగ్గర పంతులమ్మ అనూరాధ పిల్లల్ని బయటకి పిలిపించి మరీ చెప్పించింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ ఏదైనా చెబుతుంటే ఇంతమంది విన్నది చూడలేదు నేను. ఇంటికొచ్చాక కాళ్లు చాపుకుని, మావా, నా కాలు తగలకపోతే నీ పేస్టు గతేటి అయ్యేది అంటుంది. నీ కాలికి దండం పెట్టాలి అంటాను. పెట్టు అంటుంది. చాపిన కాలు తియ్యదు.

ఆవిడ అటు తిరగ్గానే కుండ వెనక తలుపులోంచి కాలవలో వంచేస్తాను. మర్నాడు ఖాళీ కుండ చూసి, మరి కాస్త తేవాలా అని అడుగుతుంది.

ఏప్రిల్ 15

తేవాలన్నాను.

ఏప్రిల్ 27

ఆ పొద్దు తరవాణి ఒలకలేదు. ఒలకడానికి ఆ ఏడు మా ఇంట్లో తరవాణి కుండే లేదు. ఆ ఒక్క ముక్క నేను కల్పించాను. మిగతాదంతా నిజమే, అదే ఎవరికీ పనికిరాలేదు.

కూర్మమ్మకి మాత్రం కుండ దొర్లిన చప్పుడు కూడా గుర్తుందట.